సుడి గొర్రెతో చుట్టరికం

ముందు వార్త చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నా వల్ల కావడం లేదు. నేను డిగ్రీ పాసయ్యాను. మా నాయిన వైపు, మా అమ్మ వైపు ఎంత వెనక్కి వెళ్లి వెతికినా డిగ్రీ చదివినవాళ్లు ఒక్కరూ దొరకరు, నేనే మొదటిదాన్ని. అదీ కూతురు ఇంటర్ చదువుతున్న వయసులో. తాండూరులో ఇంటి పనీ కుట్టుమిషనూ చూసుకుంటూ, ఆదివారాలు రైలెక్కి వికారాబాదుకు ఓపెన్ యూనివర్సిటీ క్లాసులకు వెళ్లొస్తూ, అందరూ వద్దన్న జంతుశాస్త్రమే తీసుకుని మరీ పాసయ్యాను. రెండో వార్త దీనికంటే పెద్దది. ఫలితాలు వచ్చిన వారమే వికారాబాదు డాక్టరు నా కొత్త స్కాను చూసి, "ఇంక గోలీలు బంద్ చెయ్యమ్మా. ఇది ఉత్త మచ్చ. మళ్ల నా దగ్గరికి రావాల్సిన పని లేదు" అన్నాడు. నా తలలో పురుగు ఉందన్న మాటతో పెరిగినదాన్ని నేను. ఆ మాట విన్నాక ఆసుపత్రి బయట చాయ్ తాగాను, ఎంత బాగుందో! ఇంకొకటి తాగాను.

జంతుశాస్త్రం ఎందుకు తీసుకున్నావని చాలామంది అడిగారు. అప్పటికి నాకే తెలియదు. ప్రాక్టికల్స్ మొదటి రోజున తెలిసింది. బల్ల మీద వరసగా గాజు సీసాలు, వాటిలో స్పిరిట్, స్పిరిట్లో తెల్లబడిపోయిన జంతువులు. ఒక సీసాలో పల్చటి సంచి, నిమ్మకాయంత, దాని గోడ లోపలంతా గసగసాలు అతికినట్టు చుక్కలు. చీటీ చదవకముందే గుర్తుపట్టాను. "ఇది గొర్రె తలలోది కదా మేడమ్?" అన్నాను. పాఠం చెప్పే మేడమ్ ఆశ్చర్యంగా చూసి, "నీకెట్లా తెలుసు?" అంది. ఎలా చెప్పను? ఆ సంచికి చుట్టం అనుకునే నన్ను ఒక ఏడాది పెంచారు మరి. ఆ ఏడాది సంగతే ఇది.

మాది బంట్వారం దగ్గర గొర్లు కాసే ఇల్లు. గుమ్మం దాటగానే దొడ్డి, దొడ్డి వాసనే మా ఇంటి వాసన. వానాకాలంలో తడిసిన గొంగడి, పొయ్యి మీద మరుగుతున్న పాలు, అమ్మ చేతి జొన్నరొట్టె కాలే వాసన, అన్నీ కలిసి ఒకటే. మా నాయిన మల్లయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున దొడ్డి తడిక కొంచెమే తెరిచి పక్కన నిలబడేవాడు. జీవాలు ఒక్కొక్కటే ఆయన మోకాలికి రాసుకుంటూ బయటికి వెళ్లాలి. ఆ నడకలోనే ఆయనకు అన్నీ తెలిసేవి. దేని గిట్ట మెత్తబడింది, ఏది కడుపుతో ఉంది, దేనికి నట్టల మందు తాపాలి. నట్టలంటే పేగుల్లో పురుగులు. వానలకు ముందు ఊళ్లోకి పశువుల డాక్టరు మందు తెచ్చినప్పుడు నాయిన ఒక్కో గొర్రె దవడ పట్టి ఎత్తితే అమ్మ పోసేది, నేను మందు తాగినదాని వీపున సున్నం బొట్టు పెట్టేదాన్ని.

పురుగుల గురించి నాయినకు తనదైన లెక్క ఉండేది. పురుగు ఎలా ఉంటుందన్నది కాదు, ఎక్కడ ఉంటుందన్నది ముఖ్యం. పేగుల్లో ఉంటే నట్టలు, మందుకు పోతాయి. కార్జంలో ఉంటే జలగలు, కుంట అంచున మేపితే పడతాయి, జీవం చిక్కిపోతుంది. ముక్కులో ఉంటే తుమ్మి తుమ్మి అదే పడేస్తుంది. తలలో ఉంటే బుడగ. బుడగ పడిన గొర్రె మంద నుంచి విడిపోయి, తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. మా ఇంట్లో దాన్ని సుడి పట్టడం అనేవాళ్లు. దానికి మందు లేదు. తిరిగి తిరిగి పడిపోయేలోపే కోసేయాలి. మా నాయనమ్మకైతే ఇంత లెక్క కూడా లేదు. తీపి తింటే పురుగులు కడుపులో వాటంతటవే పుడతాయని ఆమె నమ్మకం. బెల్లం ముక్క అడిగితే చీర పైకి జరిపి పిక్క మీది మచ్చ చూపించేది. ఆమె చిన్నతనంలో దిగుడుబావి నీళ్లు తాగితే నారిపురుగు కాల్లోంచి దారంలా బయటికి వచ్చిందట, వాళ్లమ్మ దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా, రోజుకు కాస్త లాగిందట. బెల్లానికీ దానికీ సంబంధం లేదు, కానీ ఆ మచ్చ చూశాక బెల్లం తినబుద్ధయ్యేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు బడిలో ప్రార్థన చెబుతుండగా పడిపోయాను. నాకేమీ గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి గుప్పిట్లో ఎవరిదో తాళాలగుత్తి, ముఖం మీద నీళ్లు, చుట్టూ పిల్లల కాళ్లు. తాండూరుకు తీసుకెళ్లారు. నాపరాళ్ల దుమ్ము తెల్లగా పేరుకున్న ఒక వీధిలో ఆసుపత్రి, బయట సగం మంది కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. అక్కడి నుంచి పట్నం పంపి తల స్కాను తీయించారు. తిరిగొచ్చాక తాండూరు డాక్టరు ఫిల్ము చూసి, మెదడులో బద్దెపురుగు గుడ్డు చేరి చిన్న గూడు కట్టిందనీ, మందు వాడితే పోతుందనీ, ఏమీ భయం లేదనీ చెప్పాడు. పంది మాంసం తింటారా అని కూడా అడిగాడు. "మేం గొర్లోళ్లం సార్, పందిని ముట్టం!" అని అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ కోపంలో ఆమెకు మిగతావేవీ వినబడలేదు. నాయినకు మాత్రం ఒకటే మాట వినబడింది. తలలో పురుగు.

ఆయన డాక్టరును ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎందుకు అడుగుతాడు? ఆయనకు తెలియనిదైతే కదా. డాక్టరు ఏమీ భయం లేదన్నది ఎదురుగా పిల్ల ఉందని అన్న మాట అనుకున్నాడు. మా వాళ్లలో జబ్బుపడిన జీవం దగ్గర దాని జబ్బు పేరు ఎత్తరు, వింటుందని. అందుకే ఇంట్లోనూ ఎవరూ ఎత్తలేదు. గోలీలు మాత్రం వేళ తప్పకుండా నాయినే వేసేవాడు, నట్టల మందు తాపినట్టే దవడ కింద చెయ్యి పెట్టి. బడి మాన్పించారు. నాకు పండుగే! తలకాయ కూరలో మెత్తటి ముక్క నాకే, తమ్ముడిని దాటి జున్నులో మొదటి గిన్నె నాకే. పక్కింటి బాలమ్మత్త తన కోడిపెట్ట పెట్టిన గుడ్డు తెచ్చి, నన్ను చూసి కళ్లు తుడుచుకుని పోయేది. ఏ పుణ్యమో చేసుకున్నాను అనుకున్నాను.

నాయిన నన్ను రోజూ మందతో పాటు మేతకు తీసుకెళ్లేవాడు. దున్నిన చేను దొరికితే చాలు, ఆగిపోయేవాడు.

"మంజులా, గా మూల దాక నడిసి రా బిడ్డ."

"ఎందుకు నాయినా?"

"ఊకెనే. సాలెంబడి సీదా నడువు."

నేను నాగటిచాలు పట్టుకుని చివరిదాకా వెళ్లి వచ్చేదాన్ని. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నా అడుగులే చూసేవాడు. ఒకసారి అటుగా గడ్డి మోపుతో పోతున్న బాలమ్మత్త ఆగి, "ఏందే మల్లన్నా, పోరిని సర్కస్ల షరీకు చేస్తవా ఏంది, గట్ల నడిపిస్తున్నవ్?" అంది. "నీ బర్రె జొన్నల పడ్డది, పోయి జూస్కో పో" అన్నాడు నాయిన. ఆమె బర్రె ఎక్కడా జొన్నలో లేదు.

చలికాలంలో ఒక గొర్రెకు సుడి పట్టింది. నా చేత్తో పాలు తాగి పెరిగిన గొర్రె అది. మంద వెళ్లిపోతున్నా పట్టించుకోకుండా, తల ఎడమకు వాల్చి, కుమ్మరి సారెలాగా తిరుగుతూనే ఉంది. నాయిన దాన్ని ఎత్తుకొచ్చి కోశాడు. తల పగలగొడితే మెదడు పక్కన నీళ్ల బుడగ, ఎండకు మెరుస్తూ, లోపల గసగసాలు. ఎప్పటిలాగే ఆ తల కుక్కలకు వేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బుడగను చూశాను, నాయినను చూశాను. ఆయన నన్ను చూడకుండా కత్తి కడుగుతున్నాడు. మెత్తటి ముక్కలు, జున్ను, గుడ్లు, నాగటిచాలు, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి.

"నాయినా, నేనెప్పుడు తిరుగుత?"

"ఏంది?"

"గీ గొర్రె లెక్క. నేనెప్పుడు తిరుగుత? గప్పుడు నన్ను గూడ కోస్తవా?"

ఆయన చేతిలోంచి చెంబు జారింది. అమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. నాయిన అక్కడే రక్తం కడిగిన తడిలో కూలబడి, నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చాడు. మగవాళ్లు అలా ఏడవగలరని నాకు అంతకు ముందు తెలియదు. ఏడుపు తగ్గాక లేచి చొక్కా మార్చుకున్నాడు. "నడువుండ్రి, తాండూరు పోదం. ఏదున్నా గాయన నోట్లకెల్లి వింట" అన్నాడు. మందనూ తమ్ముడినీ బాలమ్మత్తకు అప్పగించి ముగ్గురం బస్సెక్కాం.

డాక్టరు గదిలోకి వెళ్లాక నాయిన కూర్చోలేదు.

"సార్, ఒక్క మాట అడుగుత. దాసకుండ చెప్పురి. పోరి ఇంకెన్ని దినాలుంటది?"

"ఎక్కడికి పోతది?" అన్నాడు డాక్టరు.

"పురుగు తలకెక్కినంక ఇంకేడుంటది సార్! నా పుట్టుక సంది చూస్తున్న. ఒక్క జీవం గూడ బతకలె."

"జీవమేంది? మనుషులా?"

"గొర్లు సార్."

డాక్టరు కలం పక్కన పెట్టి, గొర్రె సంగతంతా చెప్పమన్నాడు. నాయిన చేతులు తిప్పి, తల వాల్చి, ఆ గదిలోనే సుడి తిరిగి చూపించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు మొదట నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"మల్లయ్యా, గది వేరే పురుగు, గిది వేరే పురుగు. రెండూ పాలోళ్లు, గంతే."

"పాలోళ్లయితే బుద్ధి ఒక్కటే ఉంటది గద సార్!"

"ఏం, నీకూ మీ పాలోళ్లకూ బుద్ధి ఒక్కటేనా?"

పాలోళ్లంటే దాయాదులు. నాయిన ఆలోచించాడు. పొలం గట్టు జరిపినందుకు మా పెదనాయన కొడుకులతో ఆయనకు చాలా ఏళ్లుగా మాటల్లేవు. "థూ! వాళ్లకూ నాకూ పొత్తేంది సార్" అన్నాడు. అమ్మ పక్కుమని నవ్వింది. నేను బడిలో పడిపోయిన తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు.

"మరి గంతే" అన్నాడు డాక్టరు. "గొర్రె తలల బుడగ పెరుగుతనే ఉంటది. నీ బిడ్డ తలల గూడు శనగ్గింజంత గూడ లేదు. మందుకు సస్తది. సచ్చినంక మచ్చ ఉంటది. గా మచ్చతోని ఫిట్స్ రావొచ్చు, గందుకే గోలీలు. తిరుగుడు లేదు, కోసుడు లేదు. ముందుగాల బడికి తోలు."

"కొయ్యకుండ లోపలిది సచ్చిందని ఎట్ల ఎరుకైతది సార్?"

అదీ న్యాయమే అనిపించిందేమో, డాక్టరు మళ్లీ పట్నం స్కానుకు పంపాడు. తిరిగొచ్చాక కొత్త ఫిల్మునూ పాత ఫిల్మునూ పక్కపక్కనే కిటికీ అద్దానికి ఆనించి, నాయినను పిలిచి వేలు పెట్టి చూపించాడు. పాతదానిలో ఉంగరంలాంటి గుండ్రం. కొత్తదానిలో ఒక తెల్ల చుక్క. నాయిన ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లి చాలాసేపు చూశాడు. "గుంటెండినట్టు ఎండింది" అన్నాడు చివరికి. బయటికొచ్చాక నల్లా కింద తల పెట్టి, చొక్కా తడుస్తున్నా పట్టించుకోకుండా అలాగే ఉన్నాడు. తర్వాత మిరపకాయ బజ్జీలు కొనిచ్చాడు. అమ్మ వద్దన్నా ఇంకో పొట్లం కొన్నాడు. సోమవారం బడికి వెళ్లాను. జున్నులో మొదటి గిన్నె మళ్లీ తమ్ముడికి పోయింది, అదొక్కటే నష్టం.

ఆ తర్వాత ఫిట్స్ అప్పుడప్పుడు వచ్చాయి, గోలీలు నడిచాయి. పదో తరగతి కాగానే పెళ్లి, తాండూరు కాపురం, పిల్లలు. చదువు ఆగిపోయింది కానీ లోపల ఎక్కడో ఆ పురుగుల సంగతి తొలుస్తూనే ఉంది. ఇప్పుడు డిగ్రీ పుస్తకం విప్పి చూస్తే పాతకాలపు పండితులూ మా ఇంటివాళ్లలాగే ఆలోచించారని తెలిసి నాకు ఎంత సంతోషమో చెప్పలేను. జంతువులన్నిటికీ పేర్లు పెట్టి గదుల్లో సర్దిన ఐరోపా పెద్దమనిషి ఒకాయన, ఎముక లేక, కీటకాల గదిలోనూ పట్టనిదాన్నంతా తీసుకెళ్లి పురుగులనే ఒక్క గదిలో పారేశాడట. వానపాము, జలగ, నత్త, సముద్రపు జెల్లీచేప, అన్నీ అందులోనే. ఇంట్లో చోటులేని సామాను అటకెక్కించినట్టు! తర్వాతివాళ్లు ఆ అటక దులిపి, బల్లపరుపువి ఒక పక్క, గుండ్రటివి ఒక పక్క, ఒంటి మీద ఉంగరాలున్నవి ఒక పక్క పెట్టారు. కడుపులో పురుగులు వాటంతటవే పుడతాయని పెద్దపెద్ద వైద్యులే చాలాకాలం నమ్మారు. మా నాయనమ్మ ఒక్కతే కాదు. ఆమె కాల్లోంచి లాగిన నారిపురుగైతే ఇప్పుడు మన దేశంలోనే లేదు. మందు కనిపెట్టి కాదు, నీళ్లు వడగట్టి, దిగుడుబావులు మాన్పించి పోగొట్టారు. ఆ పేజీ చదివినప్పుడు ఆమె ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

అన్నిటికంటే నన్ను కుర్చీలోంచి లేపిన పాఠం వేరే. గొర్రె తలలో బుడగ ఒక జంతువు, కుక్క పేగుల్లో బద్దెపురుగు ఇంకో జంతువు అని వేర్వేరు పేర్లతో వేర్వేరు గదుల్లో పెట్టారట. చివరికి ఎవరో బుడగలు తీసి కుక్కలకు తినిపించి చూస్తే, అవే కుక్క కడుపులో బద్దెపురుగులయ్యాయి. రెండూ ఒకటే, చిన్నతనం గొర్రెలో, పెద్దరికం కుక్కలో. వెంటనే నాయినకు ఫోన్ చేశాను.

"నాయినా! సుడి గొర్రె బుడగ, కుక్క కడుపుల పురుగు రెండూ ఒక్కటేనట!"

"కుక్కకూ గొర్రెకూ గంత సుట్టరికం యాడిది బిడ్డా?"

"నువ్వు తలకాయ ఏసిన కాడ!"

"అంటే... నేనే పంచిపెడుతున్ననా?" అన్నాడు. తర్వాతి నుంచి తలలు కుక్కలకు వేయడం మానేసి కాలుస్తున్నాడు, పక్క మందలవాళ్లకూ చెబుతున్నాడు. వాళ్లు "బిడ్డ సదువుకుంటే తండ్రికి జ్ఞానమొచ్చింది" అని ఎగతాళి చేస్తే మురిసిపోతున్నాడట. అమ్మకు కూడా చెప్పాను, నా తలలోకి పురుగు రావడానికి పంది మాంసం తినక్కర్లేదనీ, బద్దెపురుగు ఉన్న ఏ మనిషి మలం నుంచో గుడ్లు నీళ్లలోకో ఆకుకూరలోకో చేరితే ఎవరికైనా రావచ్చనీ. "గా డాక్టర్ గప్పుడే గీ మాట చెప్తె నేను లేసి నిలవడుదునా?" అంది అమ్మ. ఆయన చెప్పే ఉంటాడు, అమ్మ అప్పటికే లేచి నిలబడింది.

ఇక మొన్న బుధవారం. రెండు వార్తలూ పట్టుకుని ఊరికి వెళ్లాను. డిగ్రీ మాట చెబితే నాయిన నవ్వాడు. గోలీలు బంద్ అన్న మాటకు మాత్రం నవ్వలేదు. "డాక్టర్ ఏమన్నడో గదే మాట మళ్ల చెప్పు" అన్నాడు. చెప్పాను. "మళ్ల రావొద్దన్నడా? గట్లనే అన్నడా?" అన్నాడు. అలాగే అన్నాడన్నాను. తువ్వాల భుజాన వేసుకుని దొడ్డిలోకి వెళ్లిపోయాడు. ఏమైందని అమ్మను అడిగాను.

"ఏమైతది. ఇన్నేండ్ల బరువు దిగింది" అంది అమ్మ రొట్టె తిప్పుతూ. "నువ్వొచ్చినప్పుడల్ల బస్సు కాడికి ఎందుకొస్తడనుకున్నవ్?"

"సంచి మొయ్యనీకె."

"సంచి లేదు గించి లేదు. నీ నడక చూడనీకె. పెండ్లయి పిల్లలు పుట్టినా గదే పని. ఎన్నడన్న నీ ముందుగాల నడిసిండా? మోకాళ్లు నొస్తున్నయని ఎనకపడతడు. గా మోకాళ్లతోనే గుట్టంత తిరుగుతడు మళ్ల!"

నిజమే, ఒక్కసారి కూడా ముందు నడవలేదు. తాండూరు డాక్టరు మాట నమ్మాడు, ఫిల్ములో చుక్కను నమ్మాడు, నన్ను బడికి పంపాడు. అయినా సగం ప్రాణం ఆ చాలు చివర్లోనే నిలబడి ఉండిపోయింది. నేను తాండూరులో కుట్టుమిషను తొక్కుకుంటూ, పిల్లలను కొడుతూ, పరీక్షలు రాస్తూ ఉన్నంతకాలం ఇక్కడ ఒక మనిషి నేను ఎటు వాలతానో అని చూస్తూనే ఉన్నాడు. ఆ పూట నాయిన రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడని అమ్మ చెప్పింది.

నిన్న ఆదివారం మిఠాయిలు పంచడానికి మళ్లీ వెళ్లాను. బస్సు దిగితే ఎవరూ లేరు. కాసేపు నిలబడి చూశాను, అలవాటు కొద్దీ. దూరంగా చెలక మీద మంద కనిపించింది, మధ్యలో నాయిన. నన్ను చూసి ఒకసారి కర్ర పైకెత్తాడు, మళ్లీ గొర్ల వైపు తిరిగిపోయాడు. నా రెండు సంచులూ నేనే ఎత్తుకున్నాను. వానకు దారంతా గుంతలు. కుడి పక్కన బురదుంటే ఎడమకు, ఎడమన ముళ్లుంటే కుడికి, బరువుకు అటూ ఇటూ ఊగుతూ నడిచాను. నాయిన వీపు నా వైపే ఉంది.